వసుమతి ఇంటి రహస్య భాష

వసుమతి కూతుర్ని స్పెయిన్ పంపింది స్పానిష్ నేర్చుకోవడానికి. అంతవరకు తప్పేమీ లేదు. అమెరికాలో వాళ్లుండే చాండ్లర్‌లో చుట్టుపక్కల పిల్లల్లో సగంమంది వేసవిలో ఏదో ఒక దేశం వెళ్లి, ఏదో ఒకటి నేర్చుకుని, ఆ ముక్క కాలేజీ అప్లికేషన్‌లో రాసుకుంటున్నారు. పక్కింటి విహాన్ పెరూ వెళ్లి ఒక బడి గోడలకు సున్నం వేసి వచ్చాడు. ఆ సున్నం గురించి వాళ్లమ్మ రేణు ఇంకా చెబుతూనే ఉంది.

తప్పు జరిగింది తిండి దగ్గర. స్పానిష్ వాళ్లింట్లో దిగితే పిల్లకి పప్పన్నం దొరకదని, తెలియక ఏ పందిమాంసమో తినేస్తుందని వసుమతికి బెంగ పట్టుకుంది. వాట్సాప్ గ్రూపులన్నీ గాలించి, వలెన్సియాలో ఉంటున్న పాలకొల్లు ఆవిడ రాధారాణిని పట్టుకుంది. స్పానిష్ బడివాళ్లతో వాదించి, బతిమాలి, కూతురు నైనిక ఆ ఇంట్లోనే ఉండేలా ఏర్పాటు చేసింది. రాధారాణికి స్పెయిన్‌లో అన్నీ ఉన్నాయి, నోరారా తెలుగు మాట్లాడుకునే తోడు తప్ప. మొగుడు ఆఫీసు నుంచి రాగానే ఫోన్లో తల దూర్చేవాడు. అలాంటి మనిషికి ఎదురుగా రెండు చెవులు దొరికితే ఊరుకుంటుందా? నైనిక పొద్దున క్లాసుకు వెళ్లేది, మధ్యాహ్నం నుంచి రాధారాణి కబుర్లలో మునిగేది. వేసవంతా అదే వరస.

పిల్ల తిరిగి ఇంటికి వచ్చింది. స్పానిష్ ఎంతవరకు వచ్చిందని ఎవరూ అడగలేదు. వెళ్లి వచ్చింది కదా, అది చాలు.

ఇక్కడ ఆ ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. వసుమతి, లక్ష్మీకాంతం దంపతులు కూతురితో ఇంగ్లీషులో మాట్లాడతారు. కూతురి గురించి తెలుగులో మాట్లాడుకుంటారు, ఆ పిల్ల ముందే. చిన్నప్పుడు తెలుగు నేర్పుదామని అనుకున్నారు గానీ, నేర్పితే ఇక గుట్టుగా మాట్లాడుకునేదెలా? అందుకని నేర్పలేదు. ఇంగ్లీషులో నైనిక ‘అమేజింగ్’. తెలుగులో బద్ధకిస్టు, మొండిఘటం, లెక్కల్లో అచ్చం మేనత్త పోలిక.

ఆ పద్ధతి ప్రకారమే ఎయిర్‌పోర్టు నుంచి వస్తూ కారులోనే, పిల్ల నల్లబడిందని, లావెక్కిందని, రాధారాణి నెయ్యి బాగానే పోసినట్టుందని వసుమతి మొగుడితో అంది. వెనక సీట్లో నైనిక కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

అసలు సంగతి మర్నాడు భోజనాల దగ్గర వచ్చింది. ఒరెగాన్ తీరాన ఒక కాలేజీలో చేరి సముద్ర జీవుల గురించి చదవాలని నైనిక పట్టుదల. ఇంట్లో ముట్టని చేపల్ని అంత దూరం పోయి చదవడమేమిటని వసుమతి గోల. ఇంటి దగ్గరి యూనివర్సిటీలో కంప్యూటర్లు చదువుతూ, రాత్రికి ఇంటికొచ్చి అన్నం తింటే ఏం పోయింది? కానీ ‘ఫాలో యువర్ డ్రీమ్స్’ అని కూతురికి ఇంగ్లీషులో ఎన్నోసార్లు చెప్పేసింది. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకోలేదు. అందుకని సాంబారు వడ్డిస్తూ తెలుగులో ఉపాయం చెప్పింది.

"మీకు బీపీ వచ్చిందని చెబుదామండీ. డాక్టర్ టెన్షన్ పడొద్దన్నాడని చెబుదాం. నాలుగు రోజులు ఏడ్చి, అదే ఇక్కడ అప్లై చేస్తుంది."

లక్ష్మీకాంతానికి బీపీ లేదు. అయినా తలాడించాడు, కాపురంలో అది ఆయన పని. నైనిక ఇంకో గరిటె సాంబారు వేయించుకుంది.

ఆ శనివారం స్నేహితులంతా తలా ఒక వంటకం పట్టుకుని భోజనాలకు వచ్చారు. ప్రయాణంలో ఏం నేర్చుకున్నారో నలుగురి ముందూ మాట్లాడి వీడియో పంపమని బడివాళ్లు చెప్పారట. మా అమ్మాయి స్పానిష్ దంచేస్తుందని వసుమతి ముందే చాటింపు వేసింది. రేణు ఫోన్ పట్టుకుని సిద్ధంగా నిలబడింది.

నైనిక రెండు స్పానిష్ వాక్యాలు చెప్పి, ఆగి, తెలుగులోకి దిగింది.

"నాకు స్పానిష్ కొంచమే వచ్చింది. రాధారాణి ఆంటీ తెలుగు నేర్పింది. షాప్‌లో వాళ్లు ఆంటీ ముందే ఆంటీ గురించి స్పానిష్‌లో నవ్వుకునేవాళ్లు. ఆంటీకి అర్థం అవుతుంది అని వాళ్లకి తెలీదు. ఎదురుగా ఉన్న మనిషి గురించి అలా మాట్లాడకూడదు, పాపం అంది ఆంటీ. నేను నేర్చుకుంది అదే."

హాలంతా చప్పట్లు. అంకుల్స్ కళ్లు చెమర్చాయి. మావాడికి సున్నమే వచ్చిందని రేణు వాపోయింది. వసుమతి ఛాతీ ముందు గర్వంతో పొంగింది. ఆ తర్వాత కారులో అన్న మాటలు, సాంబారు దగ్గర అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తుకు వచ్చాయి. అందరూ అభినందిస్తుంటే తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

అతిథులు వెళ్లాక ముగ్గురూ వంటింట్లో మిగిలారు. వసుమతి అలవాటు కొద్దీ మొగుడితో గుట్టుగా ఏదో చెప్పబోయింది. ఏ భాషలో చెప్పాలి? దీనికంతా తెలుసని హిందీలో మొదలుపెట్టి, "ఇస్కో సబ్ మాలూమ్" దాకా వచ్చి ఆగిపోయింది. లక్ష్మీకాంతానికి ఆ హిందీ కూడా అందలేదు.

"నాన్నకి బీపీ లేదు కదా అమ్మా?" అంది నైనిక.

నీ మంచికోసమే అనే మాట ఇంగ్లీషులో వసుమతి నిద్రలో కూడా చెప్పగలదు. ఇప్పుడు పిల్ల తెలుగులో అడిగి, తెలుగులో జవాబు కోసం చూస్తోంది. ఆ భాషలో కూతురితో అబద్ధమాడే అలవాటు వసుమతికి లేదు. అసలు మాట్లాడే అలవాటే లేదు.

"లేదే," అంది. "నాకే భయం. నువ్వు పుట్టినప్పటి నుంచి మీ నాన్నా నేనూ నీ గురించి తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు. నువ్వు వెళ్లిపోతే మేమిద్దరం ఏం మాట్లాడుకోవాలి?"

లక్ష్మీకాంతం కాదనబోయాడు. వేరే సంగతి ఏదైనా ఎప్పుడైనా మాట్లాడుకున్నారేమో అని గుర్తు చేసుకుని చూసి, తలాడించాడు.

నైనిక తల్లి చేతిలోని గరిటె తీసుకుని సింకులో పెట్టింది.

"నేను ఒరెగాన్ వెళ్తాను అమ్మా. అప్పుడు కూడా నా గురించే మాట్లాడుకోండి," అంది. "కానీ నాతో ఇంగ్లీష్‌లో చెప్తారు కదా, మంచివి. అవి తెలుగులో కూడా అనుకోండి."