తాడు వణికిన క్షణం

మా ఆవిడ మిసావో సముద్రంలోకి దిగినప్పుడు ఆమె నడుముకు కట్టిన తాడు రెండో కొస నా చేతిలో ఉంటుంది. ముప్పై నాలుగేళ్ళుగా ఇదే మా కాపురం. ఆవిడ అడుగుకు పోయి, రాళ్ళకు అతుక్కున్న అవాబి నత్తల్ని ఇనుప చువ్వతో పెకలిస్తుంది. ఊపిరి అయిపోవస్తే తాడును ఒక్క గుంజు గుంజుతుంది. పడవలో కూర్చున్న నేను చకచకా పైకి లాగేస్తాను. పైకొచ్చాక పడవ అంచు పట్టుకుని పెదాలు ముడిచి ఊపిరి వదులుతుంది. సన్నగా ఈల వస్తుంది. ఆ ఈల వినపడేదాకా నాకూ ఊపిరాడదు.

ఆ వెంటనే తిట్లు మొదలవుతాయి.

"నేనింకా గుంజనే లేదు! ఎందుకు లాగావయ్యా? చేతికందిన నత్త పోయింది!"

"గుంజావే."

"గుంజలేదంటుంటే!"

"గుంజావు. తాడు పట్టుకున్నవాణ్ణి, నాకు తెలియదా?"

రోజుకు పదిసార్లు ఇదే గొడవ. నిజం చెప్పాలంటే ఆవిడ మాటే నిజం. కానీ ఒప్పుకుంటే నెత్తికెక్కి కూర్చుంటుందని ఏనాడూ ఒప్పుకోలేదు. మగ బుద్ధి, ఏం చేస్తాం!

ఈ ఏడు ఫిబ్రవరిలో మిసావోకి కుడి డొక్కలో నొప్పి పట్టుకుంది. ఒకరోజు వంటింట్లో మెలికలు తిరిగిపోతే పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పిత్తాశయం నిండా రాళ్ళేనట, చీము కూడా పడుతోందట. వారంలో కోసి తీసేయాలన్నారు. లోపల పగిలిందంటే మేమేం చేయలేమని కూడా అన్నారు. మిసావో ఆ మాటలన్నీ విని, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని బయటికి నడిచింది.

"చస్తే చస్తాను. ఆ బల్ల మాత్రం ఎక్కను," అంది బస్సులో.

గట్టున తోటి ఆడవాళ్ళు చలిమంట చుట్టూ కూర్చుని ఆట పట్టించారు. "సొరచేపకు భయపడనిది సూదికి భయపడుతోందే!" అని పకపకా నవ్వారు. మిసావో కూడా నవ్వింది. ఎందుకు భయపడుతోందో నాకొక్కడికే తెలుసు.

పన్నెండేళ్ళ కిందట అపెండిక్స్ తీశారు. వేరే ఆసుపత్రి, వేరే డాక్టర్లు. ఆపరేషన్ మధ్యలో మిసావోకి మెలకువ వచ్చింది. మర్నాడు నా చొక్కా పట్టుకుని చెప్పింది.

"కళ్ళు తెరుచుకోలేదయ్యా. నోరు పెగల్లేదు. ఊపిరి కూడా నాది కాదు, ఎవరో లోపలికి ఊదుతున్నారు. కత్తి తెలుస్తూనే ఉంది. గుంజు, గుంజు అని నా చేతికి చెప్పుకున్నాను. చెయ్యి వినలేదు. అయినా గుంజడానికి తాడేదీ?"

ఆ సమయంలో పెద్ద డాక్టరు కూతురి పెళ్ళి ముచ్చట్లు చెబుతున్నాడట. పెళ్ళికొడుకు ముత్యాల సాగు చేసేవాళ్ళ రెండోవాడట, సముద్రం ఒడ్డున పుట్టి కూడా చేప వాసన పడదట. అది విని అందరూ నవ్వారట. ఆ నవ్వులన్నీ తనకు వినపడ్డాయట.

నేనేమన్నాను? "మత్తులో పీడకల వచ్చి ఉంటుంది, పడుకో," అన్నాను. నర్సు కూడా అదే అంది. మిసావో నా మొహంలోకి ఒక్కసారి చూసి అటు తిరిగి పడుకుంది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆర్నెల్లు నీళ్ళలోకి దిగలేదు. ఆ తర్వాత దిగింది. సరే, మర్చిపోయిందిలే అనుకున్నాను.

ఇంతటితో అయిపోతే నేను ఉత్త మూర్ఖుణ్ణి, అంతే. కానీ కాదు. నెల తిరక్కుండానే రేవులో చేపలమ్మే ఆడవాళ్ళు నవ్వుకుంటుంటే విన్నాను. మిసావోని కోసిన డాక్టరుగారి అల్లుడు పెళ్ళి విందులో చేప ముక్క చూసి ముక్కు మూసుకుని లేచిపోయాడట. ముత్యాల వాళ్ళ రెండోవాడట.

అంటే అది కల కాదు. మా ఆవిడ ఆ కత్తి కింద పడుకుని నన్ను పిలిచింది. నేనేమో కలగన్నావు పొమ్మన్నాను. ఆ మాట ఇంటికి మోసుకెళ్ళే ధైర్యం లేకపోయింది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే పన్నెండేళ్ళు గడిపేశాను. నా అంత పిరికిపంద ఈ తీరంలో ఇంకొకడు ఉండడు.

డాక్టర్లిచ్చిన వారంలో మూడు రోజులు అయిపోయాయి. నాలుగో రోజు మధ్యాహ్నం మిసావో కిటికీ దగ్గర కూర్చుని తలగుడ్డ మీద ఊదారంగు దారంతో అయిదు కొనల చుక్క కుడుతోంది. మా ఆడవాళ్ళు ఆ గుర్తు లేకుండా నీళ్ళలోకి దిగరు. ఒక చేత్తో కుడుతోంది, రెండో చెయ్యి డొక్క మీదే ఉంది. మొహం పాలిపోయింది.

"ఏమే, ఒక మాట చెప్పాలి," అన్నాను.

మొత్తం చెప్పాను. రేవు సంగతి, అల్లుడి సంగతి, దాచిన సంగతి. తలెత్తి చూడ్డానికి మొహం చెల్లలేదు.

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు?"

"అప్పట్నుంచే."

"పన్నెండేళ్ళు?"

"పన్నెండేళ్ళు."

తలగుడ్డ సూదితో సహా తీసి నా మొహాన కొట్టింది. తర్వాత బావురుమంది. నేను ఆమె ఏడుపు మా అత్త పోయినప్పుడు చూశాను, మళ్ళీ ఇప్పుడే.

"నాకు పిచ్చి పట్టిందేమో అనుకున్నానయ్యా ఇన్నాళ్ళూ! నా బుర్ర మీద నాకే నమ్మకం పోయింది. నీళ్ళలో కూడా, ఇది నిజమా కలా అని రాయిని తడిమి చూసుకునేదాన్ని. ఒక్క మాట, ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేది?"

కిందపడ్డ తలగుడ్డ తీసి ఆమె ఒళ్ళో పెట్టాను. ఆవిడ ముక్కు తుడుచుకుని, "తాడు నీ చేతిలో ఉంటే ఆ బల్ల ఎక్కుతాను," అంది.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రిలో ఉన్నాం. మత్తు డాక్టరు ఎనోకిద అనే అమ్మాయి. ముప్పై దాటి ఉండవు. ఈ పిల్లా మా ఆవిడకు మత్తిచ్చేది అని నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ అమ్మాయి కుర్చీ దగ్గరికి లాక్కుని మిసావో చెప్పిందంతా, తాడు షరతుతో సహా, వింది. ఒక్కసారి కూడా కల అనలేదు.

"అది నిజంగానే జరిగిందండీ," అంది చివర్లో. లేచి నిలబడి నడుము వంచి క్షమాపణ చెప్పింది. "మా వృత్తి వాళ్ళందరి తరఫునా."

మిసావో నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

ఆ అమ్మాయి విడమరిచి చెప్పింది. మందులు రెండు రకాలట. ఒకటి నిద్రపుచ్చుతుంది. ఇంకోటి ఒళ్ళు కదలకుండా చేస్తుంది. మొదటిది చాలకపోయి రెండోది పని చేస్తుంటే ఆనాడు జరిగినట్టే జరుగుతుందట.

"గెంజో గారూ, మిమ్మల్ని లోపలికి రానివ్వలేను," అంది నాతో. "కానీ ఇంకో దారి ఉంది. రెండో మందు ఎక్కించే ముందు ఈవిడ కుడి చేతికి పట్టీ బిగిస్తాను. ఆ మందు చేతిలోకి పోదు. మందు జోరు తగ్గాక పట్టీ వదులు చేస్తాను. ఒళ్ళంతా కదలకపోయినా ఆ చెయ్యి కదులుతుంది. ఆ చేతికి గాజుగుడ్డ కట్టి రెండో కొస నా వేలికి కట్టుకుంటాను. మెలకువ వస్తే గుంజండి."

"గుంజితే?"

"వెంటనే మత్తు పెంచుతాను."

"మా ఆయన పైకి లాగుతాడు, నువ్వేమో ఇంకా కిందికి తోస్తావన్నమాట!" అంది మిసావో. ముగ్గురం నవ్వాం. కాగితం మీద సంతకం పెట్టింది.

గదిలోంచి బయటికి వచ్చి నాలుగడుగులు వేశామో లేదో నాకు అసలు సంగతి తట్టింది. మిసావోని బల్ల మీద కూర్చోమని చెప్పి నేనొక్కణ్ణే వెనక్కి పరుగెత్తాను.

"డాక్టరమ్మా, అది గుంజదు!"

"అదేంటి పెద్దాయనా?"

"గుంజదమ్మా! మా ఆడవాళ్ళకు ముందుగా గుంజడమంటే నామర్దా. పదిహేనేళ్ళ పిల్లప్పటి నుంచీ ఓర్చుకో, ఇంకొక్క నత్త, ఇంకొక్క నత్త అనే నేర్పుతారు. కత్తి తెలిసినా, పాపం వాళ్ళ పనికి అడ్డెందుకు, ఇంకాస్త ఓర్చుకుందాం అనుకుంటుంది. అది గుంజేసరికి ఆలస్యమైపోతుంది."

ఎవరికీ చెప్పని సంగతి అప్పుడు ఆ అమ్మాయికి చెప్పాను. పెళ్ళయిన రెండో ఏడు ఒకసారి మిసావో గుంజేదాకా ఆగి లాగాను. నీలంగా పైకొచ్చింది. ఈల రాలేదు. వీపు మీద బాది బాది ఊపిరి తెప్పించాను. ఆ రోజు నుంచీ నేను గుంజు కోసం ఆగలేదు. గుంజే ముందు, ఇంకాస్త ఉందామా వద్దా అని ఆవిడ తనలో తాను పోట్లాడుకునేటప్పుడు తాడు వణుకుతుంది. చాలా చిన్న వణుకు. చూస్తే కనపడదు, చేతికే తెలుస్తుంది. నేను లాగేది ఆ వణుక్కే.

"నాకు నేర్పండి," అంది డాక్టరమ్మ.

గాజుగుడ్డ చింపి ఒక కొస నా మణికట్టుకు, రెండో కొస డాక్టరమ్మ వేలికి కట్టుకున్నాం.

"కళ్ళు మూసుకోండి. గట్టిగా పట్టుకోకండి. పట్టుకున్నట్టే ఉండాలి, అంతే."

నేను వణికించాను. ఆవిడకు తెలియలేదు. మళ్ళీ వణికించాను. తెలియలేదు. మూడోసారి నేనేమీ చేయకుండానే, "ఇప్పుడు!" అంది.

"అది మీ వణుకమ్మా!" అని కసురుకున్నాను. అరగంట పట్టింది. నర్సు రెండుసార్లు తలుపు తీసి చూసి, ఇదేం వైద్యమో అర్థంకాక వెళ్ళిపోయింది. చివరికి వరసగా పదిసార్లు పట్టుకుంది. ఈ అమ్మాయి మా ఊళ్ళో పుట్టి ఉంటే పడవెక్కించేవాణ్ణి.

మర్నాడు పది గంటలకు ఆపరేషన్. తలగుడ్డ లోపలికి పనికిరాదన్నారు. సరే, కాగితం టోపీ మీదైనా చుక్క గీయమంది మిసావో. నర్సు పెన్ను తీసి గీతకోసారి చెయ్యెత్తుతూ గీస్తోంటే అద్దంలో చూసి ఊరుకోలేదు.

"చెయ్యెత్తకుండా గియ్యి తల్లీ. మొదలెట్టిన చోటికే వచ్చి ఆగాలి, దిగినవాళ్ళు తిరిగొచ్చినట్టు."

నర్సు ఇంకో టోపీ తెచ్చి మళ్ళీ గీసింది. తలుపు దగ్గర మిసావో నా చెయ్యి పట్టుకుంది. సముద్రమంటే లెక్కలేని మనిషి చెయ్యి మంచుగడ్డ అయిపోయింది.

"ఈసారి నేను ఏం చెప్పినా నమ్ముతావు కదూ?" అంది.

"నమ్ముతానే."

తలుపు మూసుకుంది.

గంట పడుతుందన్నారు. నేను బల్ల మీద కూర్చున్నాను. నా చేతులు ఖాళీగా ఉన్నాయి. మిసావో అడుగున ఉండగా నా చేతులు ఖాళీగా ఉండడం నా బతుకులో అది రెండోసారి. మొదటిసారి, ఆ అపెండిక్స్ నాడు, ఏమైందో తెలుసు. టీ ఇచ్చారు, తాగలేకపోయాను. గోడ గడియారం పదకొండు చూపించింది. తలుపు తెరుచుకోలేదు. పదకొండుంపావు. నర్సు ఒకామె గబగబా లోపలికి పోయింది. ఏమ్మా అంటే పలకలేదు. పదకొండున్నర అయ్యేసరికి లేచి తలుపు దాకా వెళ్ళాను, ఏం చెయ్యాలో తెలియక వెనక్కొచ్చాను. నా వేళ్ళు వాటంతటవే ముడుచుకుంటున్నాయి, తెరుచుకుంటున్నాయి. అరవాలనిపించింది. ఎవరి మీద అరవను?

పదకొండూ నలభైకి ఎనోకిద డాక్టరు బయటికొచ్చింది. టోపీ చేతిలో ఉంది, జుట్టు చెమటకు నుదుటికి అంటుకుపోయింది. చూపుడు వేలికి ఇంకా గాజుగుడ్డ ముక్క వేలాడుతోంది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"బాగున్నారు," అంది ముందు. "రాళ్ళు ఎక్కువున్నాయి, అందుకే ఆలస్యం."

"గుంజిందా?"

"లేదు," అంది. నా పక్కన కూలబడింది. "వణికింది, పెద్దాయనా. ముప్పై అయిదో నిమిషంలో. యంత్రం చూస్తే గాఢనిద్ర అనే చూపిస్తోంది. అది అర నిమిషం ఆలస్యంగా చెబుతుంది. కోసే డాక్టరుగారేమో అన్నీ బాగున్నాయిగా, ఎందుకు ఆపమంటున్నావు అని విసుక్కున్నారు. నేను ఆపమనే అన్నాను. దుప్పటి ఎత్తి చూస్తే సూది దగ్గర గొట్టం ఊడింది. నిద్రమందంతా పరుపు మీదికి కారుతోంది. వెంటనే ఇంకో చేతికి ఎక్కించాను."

నేను లేచి నడుము విరిగేలా వంగి దండం పెట్టాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు, తుడుచుకోవడమెందుకు?

మధ్యాహ్నం నన్ను లోపలికి పంపారు. మిసావో మంచం మీద కళ్ళు మూసుకుని ఉంది. మెల్లగా పెదాలు ముడిచింది. ఎండిపోయిన గొంతులోంచి సన్నగా ఈల వచ్చింది. అప్పుడు నేను ఊపిరి పీల్చుకున్నాను.

కళ్ళు తెరిచి నన్ను పోల్చుకుంది. మొహం చిట్లించింది.

"ఎవరిదో గొంతు వినపడిందయ్యా. మెలకువొచ్చిందని తెలిసింది. గుంజుదామా, కాస్త ఆగుదామా అనుకుంటున్నాను. అంతలోకే ముంచేశారు." కాస్త ఊపిరి తీసుకుంది. "నేనింకా గుంజనే లేదు."

ముప్పై నాలుగేళ్ళ అలవాటు, 'గుంజావే' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"నిజమేనే. నువ్వు గుంజలేదు," అన్నాను. "ఏనాడూ గుంజలేదు."

మిసావో పట్టీ గుర్తులు పడిన కుడి చెయ్యి దుప్పటి కిందనుంచి తీసి, నా చొక్కా అంచు పట్టుకుని నిద్రపోయింది.