కుట్టిన గోనెల బండి

నేను ఒక ట్రాలీ ఆటోని. మూడు చక్రాలు, వెనక ఇనప తొట్టి, ముందు ఒక మనిషి ఇరుక్కుని కూర్చునేంత జాగా. ప్రస్తుతం పోలీసు స్టేషను వెనక దొడ్లో ఉంటున్నాను. తొట్టిలో గడ్డి మొలిచింది. బాధగా ఉందా అని అడుగుతారేమో. లేదు. ఎండా వానా నాకిప్పుడు ఒకటే.

ఏ కార్ఖానాలో పుట్టానో సరిగా గుర్తు లేదు. మొదటి యజమాని ఇటుకలు మోయించి నా నడుం విరిచాడు. రెండో యజమాని గవరమ్మ. భర్త పోయాక నర్సీపట్నం మార్కెట్లో పసుపు, అనాసపళ్లు అమ్ముకునేది. నన్ను కొన్నరోజు ముందద్దం కొంగుతో తుడిచింది. నడిపేవాడు ఆమె మరిది సూరిబాబు; మన్యం సంతల నుంచి ఆమె సరుకూ, కిరాయికి ఇతరుల గోనెలూ నా మీదే తెచ్చేవాడు. నేను తిరిగితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది.

మన్యం సంతలో ఒక కట్టుబాటుంది. మూతి కుట్టి ఇచ్చిన గోనెను దారిలో ఎవరూ విప్పకూడదు. విప్పితే సరుకు తీశాడన్న మాట పడుతుంది, ఇక ఆ బండికి లోడు దొరకదు. గవరమ్మ ఈ సంగతి మరిదికి మొదటిరోజే గట్టిగా చెప్పింది.

ఒక సంతరోజు ఎవరో కొత్త మనిషి ఇచ్చిన గోనెలు కూడా పసుపు మధ్య ఎక్కాయి. కొండ దిగే ఘాటీ రోడ్డు మలుపులో సూరిబాబు నన్ను ఆపాడు. వెనక్కి వచ్చి, ఒక గోనె మీదికి వంగి వాసన చూశాడు. విప్పకుండానే మళ్లీ ముందుకొచ్చి బండి స్టార్టు చేశాడు. చెక్‌పోస్టులో పోలీసులు ఆ గోనెలు విప్పారు. గంజాయి. అతన్ని జైలుకీ, నన్ను ఈ దొడ్డికీ పంపారు.

కోర్టు లోపలికి వెళ్లే భాగ్యం నాకు లేదు. కానిస్టేబుళ్లు నా తొట్టి అంచున కూర్చుని టీ తాగుతూ చెప్పుకుంటే విన్నాను. గోనెల్లో ఏముందో సూరిబాబుకు తెలుసని పోలీసులు రుజువు చెయ్యలేకపోయారు. అనుమానం మీద శిక్ష వెయ్యలేమని వదిలేశారు. నా దగ్గరికి వచ్చేసరికి న్యాయం తిరగబడింది. బండి కావాలంటే, తనకేమీ తెలియదనీ, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాననీ యజమానే రుజువు చేసుకోవాలట. మనసున్నవాడు ఇంటికి పోయాడు, మనసు లేని నాకు శిక్ష పడింది. నన్నడిగితే మలుపు దగ్గర సంగతి చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు.

గవరమ్మను మాత్రం అడిగారు, గోనెలు ఎప్పుడైనా విప్పి చూసేదానివా అని.

“కుట్టిన గోని ఇప్పుతారేటి బావూ? ఇప్పొద్దని మా మరిదికి నానే సెప్పినాను,” అందట.

నిజాయితీ చెప్పుకుంటున్నాననుకుంది పిచ్చి తల్లి. ఆ ముక్కతో నేను సర్కారు పాలయ్యాను.

ఇవాళ వేలం. తుక్కు వ్యాపారి పాడుకున్నాడు. గవరమ్మా, సూరిబాబూ చూడ్డానికి వచ్చారు. లారీ ఎక్కించడానికి నాకు తాళ్లు కడుతుంటే, ఆమె తొట్టి అంచు పట్టుకుని నిలబడింది.

“సూరీ, ఆ గోన్లలో ఏటుందో నీకు తెలుసేటి?”

అతను తల దించుకున్నాడు. “వోసనొచ్చిందొదినా. ఇప్పొద్దని నువ్వే అన్నావు కదా. మరి ఊరుకున్నాను.”

గవరమ్మ చెయ్యి నా మీంచి జారిపోయింది. నాకూ బాధ తెలిసింది అప్పుడే. ఆమె గేటు వైపు నడిచింది. సూరిబాబు వెనకే కదిలాడు.

“నా ఎనకాల రాకు,” అంది, తిరిగి చూడకుండానే.