ఐదొందలో పిట్ట

కళ్లజోళ్లాయనకు పక్షుల గురించి పెద్దగా తెలియదు. మనుషుల గురించి బాగా తెలుసు. ఇరవై రెండేళ్లు కళ్లజోళ్ల కొట్టు నడిపినవాడు. వచ్చినవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద ఇనుప చట్రం బిగించి, ఒక అద్దం తీసి ఇంకొకటి వేస్తూ "ఇప్పుడు బాగుందా? ఇప్పుడు?" అని అడిగేవాడు. మూడోసారి మళ్లీ మొదటి అద్దమే వేసినా "ఆఁ, ఇప్పుడు బాగుంది" అనేవాళ్లు. మనిషి తన కళ్లతో చూడడు, ఎదుటివాడి గొంతులో ఉన్న ధీమాతో చూస్తాడు అని ఆయన ఆ కుర్చీ పక్కన నిలబడి తెలుసుకున్నాడు. కొట్టు మూతపడ్డాక ఆ తెలివిని దండగ చేసుకోవడం ఇష్టంలేక పార్కులోకి పట్టుకుపోయాడు.

ఒక వ్యాను, ఆరు బైనాక్యులర్లు, ఒక కరపత్రం. "చిన్న బృందం, ఆరుగురికి మించం. ప్రకృతి ప్రశాంతత మాకు ప్రాణం" అని అచ్చు వేయించాడు. వ్యానులో పట్టేది ఆరుగురే.

పక్షులు తెలిసింది ఆయన మరదలికి. ముగ్గురు అక్కచెల్లెళ్లలో ఆఖరుది. చదువంతా పక్షుల మీదే. రెక్క చప్పుడు వింటే చాలు, పేరు చెప్పేస్తుంది. తెలియకపోతే "తెలీదండీ" అని కూడా అంతే సులువుగా చెప్పేస్తుంది. ఆయనకు నిద్ర పట్టనివ్వనిది ఈ రెండోదే.

"తెలీదు అనకే తల్లీ! 'పిల్లపక్షి, ఇంకా రంగు రాలేదు' అను. నీ నోటి ముత్యాలేం రాలిపోవు."

"రంగు రాకపోతే రాలేదు బావా. నువ్వు పూయకు."

రెండో అక్క మొగుడు, అంటే కళ్లజోళ్లాయన తోడల్లుడు, ఒకప్పుడు సభలకు మైకులు అద్దెకిచ్చేవాడు. ఊరంతా మైకులాయన అనే పిలుస్తుంది. మొదట ఈ యాత్రల పని తోడల్లుళ్లిద్దరూ కలిసే మొదలుపెట్టారు. ఆరు నెలలు బాగానే సాగింది. వ్యానులో ముందు సీటు ఎవరిదన్న దగ్గర చెడింది. ఇప్పుడు రెండు వ్యాన్లు, రెండు ముందు సీట్లు. మరదలు మాత్రం ఎవరి పక్షమూ పట్టకుండా శనివారం చిన్నబావతో, ఆదివారం పెద్దబావతో వెళ్లేది.

అంతవరకూ బండి నడిచిపోయేది. ఈ ఏడు పార్కువాళ్లు కొత్త నిర్ణయం తీసుకున్నారు. లోపలి చెరువు చుట్టూ ఉన్న దారి సన్నగా ఉందనీ, జనం తాకిడికి జమ్ము గడ్డి నలిగిపోతోందనీ, వచ్చే సీజను నుంచి ఆ దారి ఒక్క బృందానికే ఇస్తామనీ అన్నారు. రెండోవాడికి మిగిలేది బయటి చుట్టు. అక్కడ కాకులూ పావురాలూ తప్ప ఏమీ లేవు. అవి చూడ్డానికి ఎవడూ తెల్లవారుజామున లేవడు, వాళ్లింటి డాబా మీదకే వస్తాయి. దారి ఎవరికన్నది సోమవారం సలహా సంఘంలో తేలుతుంది.

ఆ సంఘంలో అందరూ చెవి ఒగ్గేది రిజిస్ట్రారుగారి మాటకి. ఉద్యోగం మానేసి తొమ్మిదేళ్లయినా ఆయన ఇంకా రిజిస్టరు చేస్తూనే ఉన్నాడు, దస్తావేజుల బదులు పక్షుల్ని. నల్ల డైరీలో ఒక్కో పక్షికి ఒక్కో నంబరు, తేదీ, నిమిషంతో సహా టైము. నాలుగొందల తొంభైతొమ్మిది దగ్గర బండి ఆగి రెండేళ్లయింది. ఆయనకు కావలసింది ఎర్రకంటి జమ్ముకోడి. జమ్ములో దూరితే బయటికి రాని పిట్ట. ఈ చెరువులో ఎప్పుడో విన్నామన్నవాళ్లే గాని చూశామన్నవాళ్లు లేరు.

"చూడక్కర్లేదండీ," అన్నాడు ఆదివారం వ్యాను ఎక్కుతూ. "వింటే చాలు. మా సంఘం నియమమే అది. గొంతు గుర్తుపడితే నంబరు వేసుకోవచ్చు. అది నాకు వినపడిందంటే, రేపు సంఘంలో ఎవరి పేరు చెప్పాలో కూడా వినపడుతుంది." ఇంత మాట అనేసి కిటికీ పక్కన కూర్చుని, ఏమీ ఎరగనట్టు మఫ్లరు సర్దుకున్నాడు.

కళ్లజోళ్లాయన దానికి సిద్ధపడే వచ్చాడు. అంతకు గంట ముందే గేటు కాపలావాడితో "దారి చూసొస్తా" అని ఒంటరిగా లోపలికి వెళ్లి, సబ్బుపెట్టెంత స్పీకరుని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, తూర్పు గట్టు కింద జమ్ములో దాచాడు. ఇంటర్నెట్‌లో దొరికిన జమ్ముకోడి కూత ఫోనులో ఉంది. నాలుగు కూతలు విని, బాగుందనిపించి, అక్కడితో ఆపేశాడు. సరుకు బాగుందో లేదో పైమడత చూస్తే తెలుస్తుందని ఆయన నమ్మకం.

ప్రవేశద్వారం దగ్గర మనిషెత్తు బోర్డు ఉంది: "పక్షుల కూతలు మోగించరాదు. మోగించినవారి అనుమతి శాశ్వతంగా రద్దు." దాని కిందే నిలబడి ఆయన అతిథులందరికీ చిరునవ్వుతో బైనాక్యులర్లు పంచాడు.

తూర్పు గట్టు మీదకు చేరేసరికి మంచు ఇంకా విడలేదు. పడమటి గట్టు మీద మైకులాయన బృందం ఉందని తెలుసు గాని, మధ్యలో జమ్ము అడ్డం. మనుషులు కనపడరు. రిజిస్ట్రారుగారు మడతకుర్చీ వేసుకుని, డైరీ ఒళ్లో పెట్టుకుని, పెన్ను మూత తీసి కూర్చున్నాడు. ఆయన పక్కన పళ్ల డాక్టరమ్మ. ఆమె మొగుడు చంటిపిల్లంత కెమెరాని ఎత్తుకుని నిలబడ్డాడు.

కళ్లజోళ్లాయన జేబులో చెయ్యి పెట్టి మీట నొక్కాడు.

కొక్. కొక్. కొక్. కుర్ర్ర్.

నాలుగో కూత కాగానే ఆపేశాడు. మరదలు చప్పున సంచి ఉన్న వైపు తల తిప్పింది. ఆమె నోరు తెరిచేలోగా చెరువు అవతలి నుంచి జవాబు వచ్చింది.

కొక్. కొక్. కొక్. కుర్ర్ర్.

కళ్లజోళ్లాయన ఒళ్లు జలదరించింది. తన సరుకు నకిలీదే గాని, దానికి పలికింది అసలుది! ఇరవై రెండేళ్ల వ్యాపారంలో దొంగ అద్దానికి నిజం చూపు రావడం ఆయన ఎన్నడూ ఎరగడు. కళ్లు చెమర్చాయి. మళ్లీ నొక్కి, నాలుగో కూతకి ఆపాడు. మళ్లీ పలికింది. ఈసారి నాలుగు కూతలూ అయ్యాక ఎక్కడో దూరంగా కుక్క ఒక్కటంటే ఒక్కసారి మొరిగింది.

"పార్కులోకి కుక్కలొస్తాయా?" అంది డాక్టరమ్మ.

"ష్!" అన్నాడు రిజిస్ట్రారుగారు. ఆయన గడియారం చూసుకున్నాడు. "ఆరు నలభై రెండు. నాలుగు కూతలు, జవాబుగా నాలుగు, తర్వాత ఒక కుక్క." అన్నీ రాశాడు. రాసి, పక్కన 500 అని వేసి, చుట్టూ రెండు గుండ్రాలు గీశాడు. డాక్టరమ్మ మొగుడు ఖాళీ జమ్ముని వంద ఫొటోలు తీశాడు. కళ్లజోళ్లాయన అందరితో చేతులు కలిపాడు. మరదలు ఎవరితోనూ కలపలేదు.

గేటు దగ్గరికి వచ్చేసరికి అక్కడా సంబరమే. పడమటి గట్టు నుంచి వచ్చినవాళ్లు రేంజరు చుట్టూ మూగి ఉన్నారు. మైకులాయన ముఖం పెళ్లికొడుకులా వెలుగుతోంది.

"విన్నావా అన్నయ్యా! మా వైపుదానికి మీ వైపు నుంచి జోడు పలికింది!"

"మాదానికి మీ వైపు నుంచి పలికింది తమ్ముడూ," అన్నాడు కళ్లజోళ్లాయన అంతకన్నా తియ్యగా.

రిజిస్ట్రారుగారు కుక్కతో సహా మొత్తం పార్కు రిజిస్టరులో ఎక్కించాడు. రేంజరు చదివి, గబగబా ఫోను చేయడానికి లోపలికి వెళ్లాడు. మరదలు పెద్దబావ మోచెయ్యి పట్టుకుని వ్యాను వెనక్కి లాక్కెళ్లింది.

"బావా, ఆ కుక్క నాకు తెలుసు."

"ఏ కుక్క?"

"ఇందాక మొరిగిన కుక్క. మా హాస్టలు కుక్క. రోజూ అన్నం పెట్టేదాన్ని. ఆ కూత నేను చదువుకునే రోజుల్లో హాస్టలు వెనకున్న మడుగు దగ్గర రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెట్టిందే. నాలుగో కూత తర్వాత అది మొరుగుతుంది. నువ్వు ముందే ఆపేశావు. చిన్నబావ రెండోసారి పూర్తిగా వదిలాడు. ఎంతైనా మైకులాయన కదా, ఊపొస్తే ఆపడం చేతకాదు."

కళ్లజోళ్లాయన వ్యాను టైరు మీద చెయ్యి ఆనించాడు. ఇందాక చెమర్చిన కళ్లు ఆయనకు గుర్తొచ్చాయి. అందరికన్నా ఎక్కువ మోసపోయింది తనేనని తేలింది. అయినా మనిషి గట్టివాడు, క్షణంలో తేరుకున్నాడు.

"అయితే ఏమైందే? ఆయనకి ఐదొందలు వచ్చాయి. మనకి దారి వస్తుంది. కుక్కకి నువ్వెప్పుడో అన్నం పెట్టేశావు. ఎవరికి నష్టం?"

అప్పుడే రేంజరు బయటికి వచ్చి ఇద్దరినీ పిలిచాడు. చేతిలో కాగితం. ముఖంలో పదోన్నతి కళ.

"హెడ్డాఫీసుతో మాట్లాడాను. రెండు వేర్వేరు బృందాలు, రెండు గట్లు, ఒకటే నిమిషం. ఇంతకన్నా సాక్ష్యం ఉండదన్నారు. కూతకి కూత పలికిందంటే జంట ఉన్నట్టే. జంట ఉందంటే గూడు పెడుతుంది. పైగా కుక్క కూడా తిరుగుతోందాయె. మీరిద్దరూ ఇక్కడ సంతకాలు పెట్టండి. సాయంత్రానికల్లా లోపలి దారి మూసేస్తాం."

"మూసేస్తారా? ఎన్నాళ్లు?" ఇద్దరు తోడల్లుళ్లూ ఒకే గొంతుతో అడిగారు. విడిపోయాక వాళ్లు ఒక్కమాట మీద నిలబడడం అదే మొదలు.

"రెండేళ్లు. ఎవరికీ ప్రవేశం లేదు. ఏ బృందానికీ లేదు."

మైకులాయన చేతిలో పెన్ను గాల్లోనే ఆగింది. కళ్లజోళ్లాయన అతని చెవి దగ్గరకు వంగాడు.

"తమ్ముడూ, నీ పిట్ట చివర్లో మొరుగుతుందట కదా?"

మైకులాయన ముఖంలో పెళ్లికళ కరిగిపోయింది. "అంటే... అన్నయ్యా... నీదీ...?"

"నాదీ అదే కొట్లో సరుకు."

ఇద్దరూ బోర్డు వైపు చూశారు. వినలేదంటే, ఇందాక చంకలు గుద్దుకున్నది ఎందుకని అడుగుతారు. అడిగితే స్పీకర్లు బయటపడతాయి. అప్పుడు పోయేది రెండేళ్లు కాదు, మొత్తం పొట్టకూడే. విన్నామంటే దారి పోతుంది, పని మిగులుతుంది. మిగిలేది కాకులూ పావురాలే. అయినా సున్నా కన్నా కాకి ఎక్కువ.

"సంతకానికి ఇంత ఆలోచనేమిటండీ?" రిజిస్ట్రారుగారు డైరీని గుండెకి హత్తుకుని ముందుకొచ్చాడు. గొంతులో తేడా ఉంది. "మీరు వినలేదా ఏం? వినలేదంటే నా ఐదొందలు ఏమవ్వాలి?"

"విన్నామండీ. వినకపోవడమేమిటి!" అన్నాడు కళ్లజోళ్లాయన. సంతకం పెట్టాడు. దాని కింద మైకులాయన పెట్టాడు.

రేంజరు కాగితాన్ని మరదలి ముందుకు తోశాడు. "మీరు కూడా అమ్మా."

"నేను జమ్ముకోడిని వినలేదండీ. కుక్కని విన్నాను."

"కొత్తలో అంతేనమ్మా," అన్నాడు రిజిస్ట్రారుగారు జాలిగా. "చెవికి అనుభవం రావాలి. పెద్దవాళ్లతో తిరుగుతున్నావుగా, నేర్చుకుంటావు."

ఆమె కాగితాన్ని సంతకం లేకుండానే వెనక్కి తోసేసింది. గూటికి కాపలా ఎవరిని పెట్టాలని వారం తర్వాత రేంజరు వెతికితే, జమ్ములో అలికిడి లేకుండా తిరగగలిగేది ఆమె ఒక్కతేనని తేలింది. ఇంత అనుభవంలేని చెవికి పార్కువాళ్లు ఉద్యోగం ఇచ్చారు. రోజూ పొద్దున్నే చెరువు చుట్టి వచ్చి "కనిపించలేదు. వినిపించలేదు" అని ఉన్నది ఉన్నట్టు రాస్తుంది. "చూశారా, గుడ్ల మీద కూర్చుంది, అందుకే కిక్కురుమనడం లేదు" అని రేంజరు పైకి పంపిస్తాడు.

"ఆ రోజే చెప్పేసి ఉండొచ్చుగా, మా స్పీకర్ల సంగతి?" అని కళ్లజోళ్లాయన ఒకసారి గేటు దగ్గర అడిగాడు.

"చెప్తే మీ స్థానంలో ఇంకో ఇద్దరు బావలు వస్తారు. ఇప్పుడు రెండేళ్లు జమ్ముని ఎవరూ తొక్కరు. నిన్నటికి నీటి కాకులు పదకొండు గూళ్లు కట్టాయి, తెలుసా?" అంది. "అవి నిజంవి బావా. కావాలంటే లోపలికొచ్చి చూడు. ఓ, నీకు ప్రవేశం లేదు కదూ."

రెండు వ్యాన్లకు సరిపడా జనం లేక తోడల్లుళ్లు మళ్లీ ఒక్క వ్యానులోకి వచ్చారు. ముందు సీటు ఒక రోజు ఒకరిది, ఒక రోజు ఇంకొకరిది. బయటి చుట్టు తిప్పి, కాకుల్ని చూపించి, చివర్లో మూసిన గేటు దగ్గర ఆపుతారు. అక్కడ కొత్త బోర్డు వెలిసింది. దాని మీద ఎర్రకంటి జమ్ముకోడి బొమ్మ, కింద ఆరు నలభై రెండు అన్న టైము, మొదట విన్నవారి పేర్లు. వచ్చినవాళ్లు కాకుల దగ్గర ఆవులిస్తారు గాని, ఇక్కడ మాత్రం వ్యాను దిగి గుంపుగా నిలబడతారు.

మొన్న ఒక కొత్తాయన, మెళ్లో కొత్త బైనాక్యులర్లు, జేబులో కొత్త డైరీ, కమ్మీల్లోకి చెవి పెట్టి చాలాసేపు విన్నాడు.

"ఏమీ వినపడ్డం లేదండీ."

కళ్లజోళ్లాయన వెళ్లి అతని భుజం మీద చెయ్యి వేశాడు. లోపల గాలికి జమ్ము గరగరలాడింది.

"ఇప్పుడు వినపడిందా?"

"లేదండీ."

"కొంచెం ఇటు తిరగండి. ఇప్పుడు?"

"ఏదో... ఉన్నట్టే ఉంది."

"ఆఁ, తొందరపడకండి. ఇప్పుడు?"

కొత్తాయన ముఖం విప్పారింది. "ఇప్పుడు వినపడిందండీ!" అంటూ జేబులోంచి డైరీ తీశాడు.

మైకులాయన చప్పున తన పెన్ను మూత తీసి అందించాడు.