తప్పుల తడక

ఎవరూ వాయించని గిటారు పాటలంటే ఆమెకు పడి చచ్చేంత ఇష్టం. గ్రంథాలయాల అటకలెక్కి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, చెదలు దయతలిచి వదిలేసిన కాగితాలు దులిపి తెచ్చేది. అక్క ఆమెకు 'బూజుల రాణి' అని పేరు పెట్టింది. పేరు అతికినట్టు సరిపోయింది కాబట్టి మనమూ రాణి అనే అందాం.

ఈసారి రాణి తెచ్చింది, వందేళ్ల కిందట ఒకావిడ గిటారుకి రాసిన పాట. గిటారువాళ్లు దానికి పెట్టిన పేరు తప్పుల తడక. గిటారు తీగలన్నిటికన్నా లావుది ఆరో తీగ. దానిమీద స్వరం వచ్చిన ప్రతిచోటా పంటికింద రాయి పడ్డట్టే. రాసినావిడకి చెవులు లేవని ఎవడో ఒకడన్నాడు. వాడి వెనక గొర్రెల మందలా అందరూ అన్నారు. పాట మూలన పడింది.

రాణికి గిటారు నేర్పిన మాస్టారే ఇప్పుడు సంగీత బడికి పెద్ద. పాత పాటలతో పుస్తకం వేస్తున్నారు. ఎర్ర పెన్సిలు తీసుకుని, పాట నకలు మీద ఆవిడ స్వరాలన్నీ దిద్ది పారేశారు.

"నేను దిద్దిందే సభలో వాయించు. ఆ తర్వాత అచ్చుకి పంపుదాం" అన్నారు.

రాణికి మనసొప్పలేదు. ఇంట్లో కూర్చుని, దిద్దని కాగితమే ముందేసుకుని వాయించింది. ఆమె గిటారుకి ఆరో తీగ బిగించే బిరడా అరిగిపోయింది. బాగు చేయించుకోవే అని అక్క పోరుతూనే ఉంది. వాయిస్తుండగా అది జారి, ఆరో తీగ వదులైంది. నీ మొహం మండ అని తిట్టబోయి ఆగిపోయింది రాణి. రాళ్లేవీ? బిరడా ఇంకాస్త తిప్పి మళ్లీ వాయించింది. ఒక్క రాయీ తగల్లేదు!

కాగితం వెలుతురులో పెట్టి చూసింది. బైండింగువాడు పై అంచు కోసేసిన చోట ఏవో అక్షరాల కాళ్లు మాత్రం మిగిలాయి. ఆరో తీగ శ్రుతి దించుకోండి అన్న మాట ఆ కత్తెరకే బలైంది. ఆరో తీగకి ఆవిడ రాసింది వినపడే స్వరం కాదు, వేలు పెట్టాల్సిన చోటు. తెలియక అందరూ తీగ దించకుండా వాయించి, ఆవిణ్ణి తిట్టిపోశారు.

మాస్టారి దగ్గరికి పరిగెత్తింది.

"తప్పు ఆవిడది కాదండీ, మనం తీగ దించలేదు!"

"బిరడా జారితే పరిశోధన అయిపోతుందా అమ్మాయ్? నేను దిద్దింది వాయించు. లేదంటే ఆ పాట తెచ్చింది నువ్వన్న మాట పుస్తకంలో ఉండదు."

రాణికి ఒళ్లు మండిపోయింది.

సభ రోజు ముందు తీగ దించకుండానే మొదటి వరుస వాయించింది. జనం కిసుక్కుమన్నారు. "వందేళ్లుగా ఈవిడకి మనం చేస్తున్న మర్యాద ఇదండీ" అని, అందరి ఎదుటా బిరడా తిప్పింది.

ముందు వరసలోంచి మాస్టారు లేచారు. "శ్రుతి తప్పింది!"

"తప్పలేదు మాస్టారూ, దించాను. వేళ్లు అవే, చోట్లు అవే. కూర్చుని వినండి."

వాయించింది. నవ్వినవాళ్లు నవ్వడం మానేశారు. 

వేదిక దిగి లోపలికి రాగానే మాస్టారు ఎగిరారు. "నీ పేరు తీసేస్తాను!"

"తీసెయ్యండి. ఆవిడ స్వరాల మీద మాత్రం చెయ్యి వెయ్యకండి. ఇంతమంది విన్నాక ఎలా దిద్దుతారో నేనూ చూస్తాను."

పుస్తకం వచ్చింది. అక్క పేజీలు తిరగేసి గయ్యిమంది. "నీ పేరేదే? పైగా ఇది చూడు, 'ఆరో తీగ కిటుకు కనుగొన్నది' అని మీ మాస్టారి పేరు! సిగ్గుండాలి!"

"స్వరాలు దిద్దారా?"

"లేదు. ఆవిడ రాసినవి రాసినట్టే ఉన్నాయి. తీగ దించమని కూడా వేశారు."

రాణి పకపకా నవ్వింది. నవ్వుతూనే ఎర్ర పెన్సిలు తీసి మాస్టారి పేరు కొట్టేసి, పక్కన 'రాసినావిడే' అని రాసింది.

"బళ్లో ఈ పుస్తకాల కట్టలు ఇంకా ఉన్నాయి. వెళ్లి అన్నీ దిద్దేస్తాను."

అక్క చెప్పులు వేసుకుంది. "నాకూ ఒక పెన్సిలు పడెయ్."