మంత్రాల మరమ్మతు కొట్టు

"ఆ బల్ల మీద నేను గుడ్డ పరుచుకోవాలి," అని టేపత్త మూడోసారి చెప్పింది. "ఆదివారం నాదేనని పోయిన వారం నువ్వే అన్నావు."

"సగం నీది అన్నాను," అంది మేనకోడలు కాగితాలు సర్దుకుంటూ.

"మరి భోజనాల గిన్నెలు మీ ఇద్దరి నెత్తిన పెట్టనా?" అంది వదిన వంటింట్లోంచి.

ఎప్పుడు చూసినా మెడలో కొలత టేపు వేలాడుతుందని ఆ పిల్ల పెట్టిన పేరే టేపత్త. పధ్నాలుగేళ్ళుగా అన్నగారింటి ముందు గదిలో కుట్టుమిషను వేసుకుని వీధి మొత్తానికీ బట్టలు బాగుచేస్తోంది. నిజానికి ఆ రోజు ఆవిడ ధ్యాస గుడ్డ మీద లేదు. పది రోజుల కిందట పోస్ట్‌మాన్ ఉత్తరాలిచ్చి, గుమ్మంలోనే కాసేపు నసిగి, తనని పెళ్ళి చేసుకుంటారా అని అడిగాడు. సోమవారం నుంచి అతన్ని వేరే వీధులకి వేస్తున్నారట, ఈలోగా ఏదో ఒకటి చెప్పమన్నాడు. రేపే సోమవారం. నలభై ఆరేళ్ళ వయసులో ఈ మాట పైకి అంటే అన్నయ్య నవ్వుతాడేమోనని ఆవిడ ఇంట్లో నోరు విప్పలేదు.

"నలుగురుంటేనే ఆట. కూర్చో అత్తా, గంటలో బల్ల మొత్తం నీకిచ్చేస్తాను."

బేరం బాగానే ఉందనుకుని కూర్చుంది. అన్నయ్యా వదినా కూడా వచ్చి బల్ల చుట్టూ చేరారు. మేనకోడలి చేతిలో ఉన్నది ఇరవై పేజీల పుస్తకం. ఎవరో ఒకమ్మాయి తనే రాసి, బొమ్మలు గీసి, పిన్నులు కొట్టి అమ్ముతోందట. ఆటలో అందరూ మంత్రగత్తెలే. చిరిగినవీ విరిగినవీ మంత్రంతో బాగుచేసే కొట్టు నడుపుతారు.

"పాచికలేవీ?" అంది టేపత్త.

"లేవు. మంత్రం పారాలంటే నువ్వు నిజంగా బాగా చేసిన పని ఒకటి చెప్పాలి. ఎవరూ నవ్వకూడదు. విన్నాం అనాలి, అంతే."

బస్సు నడిపే అన్నయ్య గడ్డం గోక్కున్నాడు. "ఇరవై రెండేళ్ళయింది. ముసలివాళ్ళు సీట్లో కూర్చునేదాకా నేనెప్పుడూ బండి కదపలేదు."

"విన్నాం," అన్నారు ముగ్గురూ. వదిన ఆయన వంక కొత్తగా చూసింది.

టేపత్త వంతు వచ్చింది. "నిప్పు పడి కాలిన కోటు ఒకటి బాగుచేశాను. అతుకెక్కడుందో ఆ కోటు గలాయనే కనుక్కోలేకపోయాడు." చెప్పాక చెవులు వేడెక్కాయి గానీ బాగానే అనిపించింది. పుస్తకం లాక్కుని పేజీలు తిప్పింది. "ఇక్కడ తలుపు గురించి ఏదో రాసిందే."

"నీకు నచ్చిన మనిషి కొట్టుకి వస్తాడు. ఎలా ఉంటాడో నువ్వు చెప్పాలి. నీ కుడిపక్కనున్నవాళ్ళు అతనిలా మాట్లాడతారు. తలుపు తీయడం తీయకపోవడం నీ ఇష్టం."

"ఎవర్నీ అడగక్కర్లేదా?"

"ఎవర్నడుగుతావు? కొట్టు నీదేగా."

కుడిపక్కనున్నది అన్నయ్య. ఆయన గొంతు సవరించుకుని, "ఏవండీ, కోటు తెచ్చానండీ," అన్నాడు.

"అలా గద్దిస్తే తలుపెవరు తీస్తారు? బస్సుకి అడ్డమొచ్చినవాణ్ణి కసిరినట్టుంది," అంది వదిన.

"ముందు మనిషెలా ఉంటాడో చెప్పు అత్తా."

మనిషిని వర్ణించమంటే ఆవిడకి తెలిసిన పద్ధతి ఒక్కటే. "ఛాతీ నలభై. చెయ్యి ఇరవై నాలుగున్నర. ఎడమ భుజం కుడిదానికన్నా అరంగుళం కిందికుంటుంది, సంచి మోసీ మోసీ..."

అంటూనే నాలిక్కరుచుకుంది. కొలతలు రాసుకుంటున్న మేనకోడలి పెన్సిలు ఆగింది.

"మొన్న పోస్ట్‌మాన్ యూనిఫాం సరిచేసింది నువ్వేగా," అంది వదిన టేపత్తతో మెల్లగా.

అన్నయ్య నవ్వలేదు. ఈసారి గొంతు తగ్గించి, "మరి తలుపు తీస్తారా అండీ?" అన్నాడు.

టేపత్త పుస్తకం మూసి మేనకోడలి ముందు పెట్టింది.

"ఆయన నిజంగానే అడిగాడు అన్నయ్యా. పది రోజులైంది. సాయంత్రం వాళ్ళింటికెళ్ళి సరేనని చెప్పొస్తాను. మిషను నాతో తీసుకెళ్తాను, ముందు గది మీరు వాడుకోండి."