మాల తీసే చెయ్యి

పెళ్లయిన ఇన్నేళ్లలో మహిపాల్ పెళ్లాన్ని పేరు పెట్టి పిలిచింది తక్కువ, "ఓయ్" అన్నదే ఎక్కువ. అట్లాంటిది కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నప్పటి నుంచి అర్చనను "మాతా" అంటున్నాడు. మర్యాద బాగానే ఉంది. చిక్కల్లా ఒకటే, మాలలో ఉన్న మనిషికి ఎదురు చెప్పకూడదు. మొగుడైతే వాదించవచ్చు గానీ స్వామితో ఎట్లా?

ఈసారి ఇంట్లో ఇద్దరు స్వాములు. పదేళ్లు నిండితే మళ్లీ శబరిమలకు పోనివ్వరని, నాలుగో తరగతి చదివే కూతురు మానసకూ మాల వేయించాడు. ఆడపిల్ల స్వామిని మాలికాపురం అనాలి. హోంవర్కు చెయ్యకపోతే వీపు మీద ఒకటి వెయ్యాల్సిన పిల్లను "మాలికాపురం, జర పుస్తకం తెరువమ్మా" అని బతిమాలాల్సి వచ్చింది. చీకటితో లేచి ఇద్దరికీ మడి వంట చేసీ చేసీ అర్చనకు మోకాళ్లు లాగేవి.

వనపర్తిలో మానస చదివే ప్రైవేటు బడివాళ్లు నల్ల పావడా, వట్టి కాళ్లు చూసి పిల్లను గేటు దగ్గరే ఆపారు. మాల మెడలో ఉండనీ, బట్టలు మాత్రం యూనిఫామే అన్నారు. దీక్ష బట్టలు విప్పేది లేదని మహిపాల్ అన్నాడు. మరునాడు గేటు ముందు ఊళ్లో స్వాములంతా చేరి భజన చేశారు. దానికీ బడివాళ్లు లొంగకపోతే, మహిపాల్ హైదరాబాదులో వకీలును పట్టి హైకోర్టులో కేసు వేశాడు.

అర్చన హెడ్‌మిస్ట్రెస్ సుమన దగ్గరికి పోయింది. డిగ్రీలో ఇద్దరిదీ ఒకే బెంచీ.

"నేనేం జెయ్యాలె అర్చనా? రానిస్తే మా యాజమాన్యం నన్ను ఇంటికి పంపిస్తది. రానియ్యకుంటె మీ ఆయన భజన పెడ్తడు. పోయినేడు ఒక పిల్ల స్కార్ఫు, అంతకుముందు ఇంకో పిల్ల మెడల శిలువ. పాఠం చెప్పుడు మర్చిపోయిన. బట్టలు చూసుడే నా కొలువైంది."

"ఎప్పుడు తెగుతదే ఇది?"

"కోర్టుకే తెల్వాలె."

కోర్టుకూ తెలిసినట్టు లేదు. ఒక వాయిదాకు అవతలి వకీలు రాలేదు, ఇంకో వాయిదాకు ఇవతలి వకీలు. పొద్దున బడి వ్యాను అలవాటుగా ఇంటి ముందు ఆగి, గుర్తొచ్చి కదిలిపోయేది. మానస గడపలో నిలబడి చూసేది.

"అమ్మా, కోర్టుల గెలిస్తే నా బెంచీల నన్నే కూసోబెడ్తరా? నా జాగల, శ్రావణి పక్కకు కొత్తపిల్లను కూసోబెట్టిన్రంట."

అర్చన బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది.

తండ్రీ కూతుళ్లు శబరిమల పోయి వచ్చి గద్వాలలో రైలు దిగేసరికి, ఖిల్లా ఘణపూర్ నుంచి అత్త తిమ్మమ్మ ఇంటికి వచ్చి కూర్చుంది. మల నుంచి వచ్చాక మాల తల్లి చేత్తోనే తీయించుకోవాలి. అది ఆచారం.

ఇంటికి వస్తూనే మహిపాల్ వకీలు మాట చెప్పాడు. "మాలికాపురం మాల తియ్యొద్దు మాతా. వాయిదా దాకా ఉండాలంట. తీస్తే ఇంక కేసేముందని జడ్జి కొట్టేస్తడంట."

"మరి బడి?"

"కేసు తెగినంక."

దీపం ముందు తిమ్మమ్మ కొడుకు మెడలోంచి మాల తీసి అయ్యప్ప పటానికి వేసింది. అది చూసి మానస వచ్చి అమ్మ ముందు తల వంచింది.

"ఓయ్, ఆగు!" అన్నాడు మహిపాల్.

అర్చన ఆయన మెడ వంక చూసింది. బోసిగా ఉంది. ఇన్నాళ్లకు ఇంట్లోకి మొగుడు వచ్చాడు.

"ఏమయ్యా, నువ్వు కోర్టుకు ఎందుకు పోయినవ్?"

"ఎందుకేంది? మన ఆచారం కోసం."

"మల నుంచి వచ్చినంక తల్లి మాల తీసుడు ఆచారం అవునా కాదా?"

మహిపాల్ తల్లి వంక చూశాడు. తిమ్మమ్మ వత్తి ఎగదోస్తూ, "అవు మరి. ఆ వకీలు ఎన్నిసార్లు మల ఎక్కిండు బిడ్డా?" అంది.

అర్చన శరణు చెప్పి మాల తీసింది. గెలిచినట్టేమీ అనిపించలేదు. కాసేపు పడుకోవాలనిపించింది.

పొద్దున యూనిఫాం తొడుక్కున్న మానసకు బూట్లు పట్టలేదు. చెప్పుల్లేకుండా తిరిగిన కాళ్లు ఈలోపు పెరిగాయి. మడమ దగ్గర బూటు అణగదొక్కి, చెప్పుల్లా వేసి వ్యాను ఎక్కించింది.

"వకీలుకు ఏం చెప్పాలె ఇప్పుడు?" అన్నాడు మహిపాల్ వెనక నుంచి.

"పిల్ల బడికి పోయిందని చెప్పు."

సాయంత్రం మానస బూట్లు చేత పట్టుకుని వచ్చింది.

"బెంచీ దొరికిందా?"

"ముగ్గురం కూసున్నం. కొంచెం ఇరుకైతది గని, అందరం పడ్తం."