అల్లుడుగారి వీపు మీద ముడి

భోజనం చేసి వచ్చేలోపు విల్లు వీపు మీది ముడిని ఎవరో చిత్రికతో నున్నగా కోసేశారు.

గోరింక గుమ్మంలోనే ఆగిపోయింది. కడుక్కున్న చెయ్యి ఇంకా ఆరలేదు. తాను వదిలి వెళ్లినట్టే విల్లు బల్ల మీద బిగింపుల మధ్య ఉంది. కింది రెక్క మీద, పిడికి జానెడు దూరంలో, చిన్న గుట్టలా ఉబ్బి ఉండాల్సిన ముడి మాత్రం లేదు. దాని చోట చొక్కా బొత్తామంత చదునైన మచ్చ ఉంది. వేలితో తడిమింది. అద్దంలా ఉంది.

కుర్చీ కాలి మీద ముడి పోతే ఎవరికీ నష్టం లేదు. విల్లు సంగతి వేరు. చెట్టు ఏడాదికో పొర చొప్పున ఒళ్లు చేస్తుంది. విల్లు వీపంటే వాటిలో ఒకే ఒక్క పొర, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎక్కడా తెగకుండా ఉండాలి. పొర ముడి మీదుగా ఎక్కితే వీపూ ఎక్కాలి, దిగితే దిగాలి. చెక్కడాలూ గీకడాలూ అన్నీ పొట్టవైపే, అంటే విలుకాడి మొహానికి ఎదురుగా ఉండే వైపే. వీపు మీద పొర ఎక్కడ తెగితే, లాగినప్పుడు విల్లు అక్కడే పగులుతుంది.

పరీక్ష ఎల్లుండి, ఆదివారం. విల్లు నిలబడితే కొట్టు గోరింకది. లేకపోతే పక్కనే ఫర్నిచర్ షాపు నడుపుతున్న బావది. బావ మధ్యగోడ పడగొట్టి సోఫాలు పరుస్తాడు.

విళ్లు చేసే ఆ కొట్టు ఆమె మేనమామది, అంటే బావ నాన్నది. గోరింక అన్నది కూడా ఆయన పెట్టిన పేరే. పనిలో చెయ్యి ఎంత చురుకో నోరూ అంతే చురుకు, ఏదీ ఆగదు. మొన్నామధ్య మామయ్య కొట్టు కట్టేస్తానన్నాడు. "నా నడుమే వంగిపోయింది, ఇంక విల్లేం వంచుతాను" అన్నాడు. నాకిచ్చెయ్ అంది గోరింక. మామయ్య గడ్డం గోక్కుని మూలకి చెయ్యి చూపించాడు.

"ఆ అల్లుడుగారితో విల్లు చేసి చూపించు. అప్పుడు మాట్లాడదాం."

అల్లుడుగారంటే మనిషి కాదు, కర్ర. ఏళ్ల తరబడి ఆ మూలన బిగుసుకుని కూర్చుంది. ఎటు వంచుదామన్నా వంగదు, పైకి ఒక మాట అనడానికీ లేదు. అందుకని కొట్టులో దానికా పేరు. నిలువునా పిండిన తువ్వాలులా మెలి తిరిగి ఉంది. దానికి తోడు ఆ ముడి.

"చేస్తా," అంది గోరింక. "కానీ నాదీ ఒక షరతు. కర్ర నా చేతికొచ్చాక నువ్వు దాని గురించి ఒక్క మాట చెప్పకూడదు, దాని మీద చెయ్యి వెయ్యకూడదు. చేశావో, పందెం నాదే."

వంటింట్లోంచి అత్తయ్య నవ్వు వినిపించింది. "మాట చెప్పకుండానా? పన్ను పీకే డాక్టరుకే పట్టకారు ఎలా పట్టుకోవాలో చెప్పొచ్చిన మనిషే మీ మామయ్య."

మామయ్యకి రోషం వచ్చింది. "నోరు కుట్టేసుకుంటా. నోరు గానీ చెయ్యి గానీ పెడితే తాళాలు నీ చేతిలో పెడతా. కానీ బాణం నిడివంతా లాగినప్పుడు త్రాసు ముల్లు నా ఎర్రగీత ముట్టాలి. ముట్టకపోతే కొట్టు వాడిది."

ఎర్రగీత అంటే గోడకి వేలాడే స్ప్రింగ్ త్రాసు అద్దం మీద ఆయన గీసింది. లాగితే అంత బరువు తూగని విల్లు ఏదీ ఆయన కొట్టు గడప దాటలేదు.

మర్నాటి నుంచీ మామయ్య కొట్టు వెనక వరండాలో, కిటికీకి వీపు పెట్టి, పేపరు విప్పుకుని కూర్చున్నాడు. లోపల గోరింక మరిగే నీళ్ల ఆవిరి పట్టి, కర్రని బల్లకి బిగించి, కొద్దికొద్దిగా మెలిక విప్పింది. రెండు పిడుల కత్తితో పై పొరలు తీసుకుంటూ వీపు పొర దాకా వచ్చింది. ముడి చుట్టూ కత్తి పక్కన పెట్టి, గాజుపెంకుతో గీకింది. తర్వాత విల్లుని గోడ కొయ్య మీద పెట్టి, నారికి తాడు కట్టి, కప్పీ మీదుగా లాగుతూ వంపు చూసుకుంది. లాగినప్పుడల్లా దానితో కబుర్లే.

"వంగండి అల్లుడుగారూ. సిగ్గెందుకు, ఈ ఇంట్లో అందరం వంగేవాళ్లమే. ఇంకొంచెం... అబ్బో, మీకూ నడుముందే."

కిటికీ బయట మామయ్య దగ్గేవాడు. ఒకటి రెండుసార్లు పేపరు దించి లోపలికి చూశాడు. గోరింక వేలు పెదాల మీద పెట్టి చూపించేది. ఆయన మళ్లీ పేపరెత్తేవాడు.

అదీ సంగతి. ఇప్పుడు ముడి పోయింది.

గోరింక బల్ల కిందికి వంగి చూసింది. నేల మీద ఒక్క చెక్కపేడు లేదు. చెత్తబుట్టలోనూ లేదు. కోసినవాడు పని కానిచ్చి, శుభ్రం చేసి మరీ వెళ్లాడు. ఈ చుట్టుపక్కల అంత శుభ్రం ఒక్కడికే ఉంది. వాడికి గోడ పడగొట్టే అవసరమూ ఉంది.

ముందుగా వెనక వరండాలోకి వెళ్లింది. "మామయ్యా, భోజనాలప్పుడు కొట్టులోకి ఎవరైనా వెళ్లారా?"

మామయ్య పేపరు దించకుండా అన్నాడు. "కర్ర విషయం నేను మాట్లాడకూడదు."

"నేనడిగేది సలహా కాదు, సాక్ష్యం."

"రెండింటికీ నోరే కదా తెరవాలి."

గోరింక విసురుగా పక్క షాపుకి నడిచింది. లోపల వార్నిష్ వాసన కళ్లు మండిస్తోంది. పైనుంచి కుర్చీ కాళ్లు గుత్తులుగా వేలాడుతున్నాయి. బావ ఒక అలమార ముందు గొంతుక్కూర్చుని గుడ్డతో రుద్దుతున్నాడు.

"బావా, నీ చిత్రిక ఎక్కడుంది?"

"బాగానే అడుగుతున్నావు! మొన్న ఉలి తీసుకెళ్లి తిరిగివ్వనే లేదు."

"ముడి నువ్వే కోశావు కదూ?"

బావ తిరిగి చూశాడు. మరదలి మొహంలో ఆట లేదని అర్థమై రెండు చేతులూ పైకెత్తాడు. మణికట్టు దాకా వార్నిష్ పట్టి, వేళ్లు ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. "ఈ చేతులతో ముట్టుకుని ఉంటే మీ అల్లుడుగారు ఈపాటికి పెళ్లికొడుకులా మెరిసిపోతూ ఉండేవాడు. పొద్దున్నుంచీ ఇదే పని. భోజనానికి కూడా రాలేదు, చూడలేదా?"

గోరింక ఆలోచించింది. బావ పళ్లెం ముందు ఉన్నాడో లేడో గుర్తు రాలేదు. "అప్పుడు నేను కబుర్లలో ఉన్నా," అంది చివరికి.

"అదే అనుకున్నా."

చేతులు తుడుచుకుని అతనూ వచ్చి చూశాడు. విల్లు మీదికి వంగి మచ్చని వెలుతురులో అటు నుంచీ ఇటు నుంచీ చూశాడు. ముడి దగ్గర చెక్క సాధారణంగా చిత్రికకి ఎదురు తిరుగుతుంది, నార లేస్తుంది. ఇక్కడ ఒక్క పోగు లేవలేదు.

"ఒక్క తోపులో కోశాడు. మా షాపులో ఇలా ఎవరికీ రాదు. నాకూ రాదు."

"దొంగని పొగుడుతున్నావా?"

"దొంగైతే మాత్రం పనిని పని అనొద్దా?" అన్నాడు బావ నడుం ఎత్తుతూ. "నాకు గోడ పడగొట్టాలనే ఉంది, మరదలా. కానీ ఇలా కాదు. ఇప్పుడేం చేస్తావ్?"

చెయ్యగలిగింది ఒక్కటే. తెగిన పొరని రెండు కొసల దాకా మొత్తం తీసేసి, దాని కింది పొరని వీపు చేసుకోవాలి. ఒక పొర పోతే విల్లు పలచబడుతుంది, బలం తగ్గుతుంది. అయినా ఆదివారం మొహం మీద పగలడం కంటే అదే నయం.

గోరింక నోరు మూసుకుని పని మొదలుపెట్టింది. అంతసేపు కొట్టు నిశ్శబ్దంగా ఉండేసరికి అత్తయ్య కంగారుపడి, ఒంట్లో బాగానే ఉందా అని రెండుసార్లు వచ్చి చూసిపోయింది.

గాజుపెంకు ముడి దగ్గరికి చేరేసరికి గోరింక చెయ్యి ఆగింది. కోసిన మచ్చ పక్కనే, పై పొరకీ కింది పొరకీ మధ్య, సూది దూరేంత సన్నటి దారి కనిపించింది. నిండా గోధుమరంగు పొడి. ఎప్పుడో చెట్టు బతికుండగానే పురుగు తొలిచింది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. ఆ పొరతోనే ఆదివారం పూర్తిగా లాగి ఉంటే అది బద్దలై, పెచ్చు ఎగిరి సరాసరి కంట్లోకి వచ్చేది.

బావని పిలిచి చూపించింది. అతను ఈల వేశాడు. "నీ శత్రువెవరో గానీ నీ కన్ను కాపాడాడు."

"శత్రువుకి పొర కింది పురుగు ఎలా తెలుస్తుంది?"



కింది పొర గట్టిగా ఉంది, వీపంతా తెగకుండా వచ్చింది. కానీ సగం లాగి చూస్తే త్రాసు ముల్లు ఉండాల్సిన చోటికి రాలేదు. తీసిన చెక్కని మళ్లీ అతికించలేం. విల్లు పొట్టిదైతే బిగువు పెరుగుతుంది కాబట్టి, గోరింక రెండు కొసలూ వేలెడంత చొప్పున కోసి, నారి కోసం గాడులు మళ్లీ చెక్కింది. పూర్తిగా లాగి చూడటానికి మాత్రం ధైర్యం చాలలేదు. లాగేదేదో అందరి ముందే లాగుదామనుకుంది.

ఆదివారం పొద్దున మామయ్య చేతులు కట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాడు. బావ త్రాసు దగ్గరికి వెళ్లాడు. గోరింక తాడు పట్టుకుంది. ఈసారి కబుర్లు లేవు. కప్పీ కిర్రుమంది, నారి వెనక్కి జరిగింది. అల్లుడుగారి రెండు రెక్కలూ సమానంగా, నిండు చంద్రుడిలో ముక్క కోసినట్టు వంగాయి. విల్లు నుంచి చిన్న చప్పుడైనా రాలేదు. నారి బాణం నిడివి గుర్తు దగ్గరికి వచ్చి ఆగింది.

"ఎంత?" అంది గోరింక.

బావ చొక్కా అంచుతో త్రాసు అద్దం తుడిచాడు. తల ఒక పక్కకి వంచి చూశాడు, ఇంకో పక్కకి వంచి చూశాడు.

"అద్దం మురిగ్గా ఉంది."

"ఎంత బావా?"

"గోరంత తక్కువ," అన్నాడు అతను. వెంటనే తండ్రివైపు తిరిగాడు. "నాన్నా, గోరంత దానికి ఎవరు చూడొచ్చారు? విల్లు చూడు ఎలా వంగిందో."



"గీత గీతే," అంది గోరింక. తాడు మెల్లగా వదిలి, నారి దించింది. నడుముకున్న తోలు గుడ్డ విప్పి మేకుకి తగిలించింది. రెండు పిడుల కత్తిని గుడ్డతో తుడిచి గోడ మీద దాని చోట పెట్టింది. ఆకురాయి దాని చోట పెట్టింది. తన పనిముట్లూ కొట్టు పనిముట్లూ వేరుచేయబోయి, ఏవి ఎవరివో తనకే తెలియక నిలబడిపోయింది.

అప్పుడు అత్తయ్య తడిచేతులతో పెరట్లోంచి వచ్చింది. పిడికిట్లో ఉన్నదాన్ని బల్ల మీద పెట్టింది. తడిసి, చుట్టలు చుట్టుకున్న చెక్కపేడు. మధ్యలో బొత్తామంత నల్లటి ముడి.

"చొక్కా ఉతుకుతుంటే జేబులో దొరికింది," అంది భర్తవైపు చూస్తూ. "మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

గోరింక పేడుని చూసింది, మామయ్యని చూసింది. బావ త్రాసు పక్కనే స్టూలు మీద కూలబడ్డాడు.

మామయ్య గడ్డం గోక్కున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"నేనే కోశాను. నేల మీద పడేస్తే కాళ్లకంటి వంటింట్లోకి వస్తోందని నువ్వు తిడతావు, జేబులో వేస్తే ఇదిగో ఇలా పట్టిస్తావు. సరే, వినండి. అమ్మాయి విల్లు లాగినప్పుడల్లా ముడి దగ్గర టిక్కుమని చప్పుడు వచ్చేది. వరండాలో నాకు వినపడేది, లోపల పురుగు తొలిచిన చెక్క చప్పుడది. దీనికి వినపడదు, ఎందుకంటే అదే సమయానికి ఇది అల్లుడుగారితో సరసాలాడుతూ ఉంటుంది. దగ్గాను. చూసింది, వేలు పెదాల మీద పెట్టింది. చెబుదామంటే పందెం పోతుంది. నిజం ఒప్పుకుంటున్నా, పందెం పోవడం నాకిష్టం లేదు. నేను ఏళ్లపాటు చేత్తో ముట్టడానికి జంకిన కర్ర అది. ఈ పిల్ల దాన్ని వంచేస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను? అలాగని ఊరుకుంటే దీని కన్ను పోతుంది. శుక్రవారం భోజనాల దగ్గర ఇది కబుర్లలో పడింది, నేను చెయ్యి కడుక్కోవడానికని లేచాను. ముడి కోసేస్తే చచ్చినట్టు కింది పొరలోకి దిగుతుంది, పురుగు బయటపడుతుంది, నేను నోరు విప్పినట్టూ ఉండదు అనుకున్నాను. దిగితే బరువు తగ్గుతుందని తెలుసు. ఇంత మిగులుతుందని మాత్రం అనుకోలేదు. కొసలు కోస్తావని నాకు తట్టనే లేదు. గోరంత తక్కువంటే, ఆ గోరు నాది. చెయ్యి పెట్టాను, కాబట్టి కొట్టు నీది. ఇవిగో తాళాలు. ఒరేయ్, నువ్వు అలా చూడకు, సోఫాలు ఇంకెక్కడైనా పరుచుకో. ఆ తోలు గుడ్డ కట్టుకోవే తల్లీ, మేకు మీద చూడలేకపోతున్నా. పందెం ఎలాగూ ఓడిపోయాను గనక ఇన్నాళ్లూ బిగబట్టిన సలహా ఒకటి చెప్పేస్తాను. విల్లు లాగేటప్పుడు కాస్త నోరు మూసుకో. అది కూడా ఏదో చెబుతూ ఉంటుంది."